మూడు ఇళ్లు అమ్మాక స్టేజింగ్ గురించి నా మాట

స్టేజింగ్ చేసే ఆవిడ, అంటే అమ్మకానికి పెట్టిన ఇంటిని కొనేవాళ్ల కంటికి నచ్చేలా అమర్చే మనిషి, మా ఇంటికి వచ్చీ రాగానే గుమ్మంలో నిలబడి ఫోన్‌తో హాల్‌ని ఒక ఫొటో తీసింది. ఆ ఫోన్ నా చేతికిచ్చి, "గదిని చూడకండి మేడమ్, ఫొటోని చూడండి" అంది. చూశాను. సోఫా చేతి మీద ఆరేసిన తువ్వాలు. టీవీ వెనక నుంచి వేలాడుతున్న నాలుగు వైర్లు. గోడకి రెండు గడియారాలు, అందులో ఒకటి ఆగిపోయింది. కిటికీకి సగం అడ్డంగా పుస్తకాల బీరువా. ఇవేవీ అంతకు ముందు రోజు నా కంటికి ఆనలేదు. పదకొండేళ్లుగా ఆనలేదు.

అప్పటికి ఆ ఫ్లాట్‌ని అమ్మకానికి పెట్టి నాలుగు నెలలు దాటింది. చూడ్డానికి వచ్చినవాళ్లు "మళ్లీ చెబుతాం" అని వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ చెప్పినవాళ్లు లేరు. ధర తగ్గిద్దామని ఏజెంట్ పోరు మొదలుపెట్టాడు. తగ్గించే ముందు ఒకసారి స్టేజింగ్ చేయించి చూద్దామన్నది మా ఆయన. అమ్మేసుకునే ఇంటికి సింగారం దేనికని నేను రెండు రోజులు గొణిగాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో అమ్మ ఉన్న ఇల్లు ఒకటి, అద్దెకి ఇచ్చుకున్న చిన్న ఫ్లాట్ ఒకటి కూడా అమ్మాల్సి వచ్చింది. మూడుసార్లూ ఏదో ఒక రకం స్టేజింగే. ఒకసారి బాగా కలిసొచ్చింది, ఒకసారి పని జరిగింది కానీ తలనొప్పి మిగిలింది, ఒకసారి డబ్బు దండగైంది.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పి ముందుకెళ్తాను. స్టేజింగ్ అంటే ఇంటీరియర్ డెకరేషన్ కాదు. డెకరేషన్ ఆ ఇంట్లో ఉండేవాళ్ల ఇష్టానికి చేస్తారు. స్టేజింగ్ ఆ ఇంట్లోకి ఇంకా రానివాళ్ల కోసం చేస్తారు, వాళ్లెవరో కూడా మనకి తెలీదు. 1972లో అమెరికాలో బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ మొదలుపెట్టిన పని ఇది. పేరు నాటకాల స్టేజీ నుంచే వచ్చింది. మనం ఉంటున్న ఇంటికైతే ఉన్న సామానునే తగ్గించి, సర్ది, కొన్ని వస్తువులు కలుపుతారు. ఖాళీ ఇంటికైతే ఫర్నిచర్ అంతా అద్దెకి తెచ్చి వేస్తారు. ఇవి కాక, ఖాళీ గది ఫొటోలో కంప్యూటర్‌తో సోఫాలూ మంచాలూ పెట్టే వర్చువల్ స్టేజింగ్ ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను, దాని మీద నాకు కాస్త కోపం ఉంది.

మొదటి ఫ్లాట్‌లో ఆవిడ కొత్తగా కొనిపించినవి చాలా తక్కువ. తీసేయించినవే ఎక్కువ. మొత్తం సామానులో మూడో వంతు అట్టపెట్టెల్లోకెక్కి మా మరిది వాళ్ల గ్యారేజీకి చేరింది. పుస్తకాల బీరువా కిటికీ దగ్గర్నుంచి జరిపితే హాల్లోకి పొద్దుటి ఎండ వచ్చింది. సోఫాని గోడకి ఆనించి వేసే అలవాటు మాది. దాన్ని ఒక జానెడు ముందుకి లాగించింది. నడిచే చోటు తగ్గుతుందని నేను వాదించాను. నిజమే, కొలతలో తగ్గింది. కంటికి మాత్రం గది పెద్దదైంది. సోఫా వెనక నీడ పడి, గోడ దూరంగా జరిగినట్టు అనిపిస్తుంది.

బల్బుల విషయం ఇంకా నవ్వొస్తుంది. హాల్లో ఒకటి 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్ (కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది), ఒకటి పసుపు వెలుగు బల్బు, మూలన మరో రంగుది. ఏది మాడిపోతే దాని చోట చేతికొచ్చింది పెట్టుకుంటూ పోయాం. మనిషి కన్ను దీన్ని సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోలేదు. ఫొటోలో ఒక గోడ నీలంగా, పక్క గోడ పసుపుగా వస్తుంది. అన్నీ తీసేసి 3000 కెల్విన్ బల్బులు ఒకే రకం పెట్టించింది. ఇంత చవగ్గా ఇంత మార్పు తెచ్చిన పని ఆవిడ రాసిచ్చిన లిస్టులో ఇంకోటి లేదు.

రెండో బెడ్‌రూమ్‌ని మేము స్టోర్‌రూమ్ చేసేశాం. సూట్‌కేసులు, విరిగిన కుర్చీ, వ్యాయామం చేద్దామని కొని బట్టలు ఆరేసుకుంటున్న సైకిల్. వచ్చినవాళ్లందరికీ ఏజెంట్ "ఇది రెండో బెడ్‌రూమ్" అనే చెప్పేవాడు. వాళ్లు చూసింది మాత్రం స్టోర్‌రూమ్‌నే. అందులో ఒక మంచం, చిన్న బల్ల, దీపం పెట్టాక ఏజెంట్ చెప్పాల్సిన అవసరమే లేకపోయింది.

ఆ తర్వాత అయిదు వారాల్లో బేరం కుదిరింది. అడిగిన ధరకి దాదాపు దగ్గరగా. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. అదే సమయంలో గోడలకి పెయింట్ వేయించాం, కొత్త ఫొటోలు ఒక ప్రొఫెషనల్‌తో తీయించాం. వీటిలో దేనివల్ల ఎంత జరిగిందో విడదీసి చెప్పడం నావల్ల కాదు. ఎవరైనా "స్టేజింగ్ వల్లే" అని బల్ల గుద్ది చెబితే వాళ్లు ఏదో అమ్ముతున్నారనుకోండి.

ధర సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఇక్కడే కొంచెం ఆగుతాను. స్టేజింగ్ కంపెనీల కరపత్రాల్లో పెద్ద పెద్ద శాతాలు కనబడతాయి. అమెరికాలో ఇళ్ల ఏజెంట్ల సంఘం నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 2023లో చేసిన సర్వేలో, కొనేవాళ్ల తరఫున పనిచేసే ఏజెంట్లలో 81 శాతం మంది స్టేజింగ్ వల్ల కొనేవాళ్లు ఆ ఇంటిని తమ ఇల్లుగా ఊహించుకోవడం తేలికవుతుందన్నారు. వచ్చిన ఆఫర్ 1 నుంచి 5 శాతం పెరిగిందన్నవాళ్లు మాత్రం 20 శాతమే. పైగా ఇది ఏజెంట్ల అభిప్రాయం, లెక్కలు తీసి చూసింది కాదు. 2015లో జర్నల్ ఆఫ్ హౌసింగ్ రీసెర్చ్ అనే పరిశోధన పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో అయితే ఒకే ఇంటిని గోడల రంగూ ఫర్నిచరూ మార్చి మార్చి జనానికి వీడియో టూర్‌లో చూపించారు. బాగా అమర్చిన ఇల్లు ఉండటానికి బాగుంటుందని జనం అన్నారు. దానికి ఇస్తామన్న ధరలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నా అనుభవం ఈ రెండో మాటకే దగ్గరగా ఉంది. మా ఇంటి ధర స్టేజింగ్ వల్ల పెరగలేదు. తగ్గించాల్సిన పని తప్పింది, అంతే. ఖాళీగా పడి ఉన్నా ఇంటికి వాయిదాలు, మెయింటెనెన్స్, పన్ను ఆగవు కదా. నెలలు కలిసిరావడమే మాకు మిగిలిన లాభం. స్టేజింగ్‌కి ఇచ్చిన ఫీజు మేము కట్టే రెండు నెలల వాయిదా కంటే తక్కువ.

లెక్కల్లోకి రాని లాభం ఒకటుంది, అది నా తలకి సంబంధించింది. 1990లో డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు కాఫీ కప్పులతో చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. కప్పు చేతికి అందినవాళ్లు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్న ధరకి సుమారు రెట్టింపు ఉంది. కాసేపు చేతిలో ఉన్న కప్పుకే అంత మమకారం ఉంటే, పదకొండేళ్లు బతికిన ఇంటికి ఎంత ఉండాలి? వచ్చినవాళ్లు వంటగది చిన్నదంటే నాకు ఒళ్లు మండేది. అది మా పిల్లాడు పాకడం నేర్చుకున్న వంటగది. గోడల మీంచి మా కుటుంబం ఫొటోలు తీసేసి, మా రంగు గోడలు పోయి, ఎవరి ఇల్లో అన్నట్టు తయారయ్యాక ఆ మంట తగ్గింది. బేరం మాట్లాడేటప్పుడు గొంతు మామూలుగా వచ్చింది.

అయితే స్టేజింగ్ చేసిన ఇంట్లో బతకడం ఒక శిక్ష. బాత్రూంలో వేలాడే తెల్ల తువ్వాళ్లు ఎవరూ ముట్టకూడదు. పొయ్యి పక్కన ఒక్క గిన్నె ఉండకూడదు. ఏజెంట్ ఫోన్ చేసి "గంటలో వస్తున్నారు" అంటే ఇంట్లో అందరికీ టెన్షన్. మా అబ్బాయి స్కూల్ బ్యాగ్, ఉతకాల్సిన బట్టల బుట్ట, వాడుతున్న టూత్ బ్రష్‌లు అన్నీ కారు డిక్కీలోకి. ఒకరోజు వాడు తన హోంవర్క్ డిక్కీలో చేసుకుంటానన్నాడు, ఎలాగూ తన సామానంతా అక్కడే ఉంది కదా అని. ఇంట్లో చంటిపిల్లలో, మంచం పట్టిన పెద్దవాళ్లో ఉంటే ఈ పద్ధతి అయిదు వారాలు సాగదు. అలాంటివాళ్లు సామాను తగ్గించడం, బల్బులు మార్చడం, ఫొటోల వరకు చేసి ఆపేస్తే మేలు.

అమ్మ ఇల్లు ఖాళీది. తను మా దగ్గరికి వచ్చేశాక ఆ ఇంట్లో మిగిలింది గోడల మీద సామాను తాలూకు మచ్చలే. ఖాళీ గది పెద్దదిగా కనబడుతుందని నేను అనుకునేదాన్ని. తిరగబడింది. మంచం లేని గదిలో మంచం పడుతుందో లేదో చూసేవాడికి అర్థం కాదు. మంచం వేసి, రెండు వైపులా నడిచే చోటు కనబడితే అర్థమవుతుంది. ఈసారి వేరే కంపెనీ. మూడు నెలల అద్దెకి హాలు, పెద్ద బెడ్‌రూమ్, వంటగది మాత్రమే అమర్చమన్నాం. మిగతావి శుభ్రం చేసి వదిలేశాం. ఆ పొదుపు సరైనదే. వచ్చినవాళ్లు ఎక్కువసేపు నిలబడేది ఆ మూడు చోట్లే.

తలనొప్పులు రెండు. మొదటిది, క్యాటలాగ్‌లో చూపించిన సోఫా వేరు, దిగింది వేరు. చేతుల దగ్గర మాసిపోయి ఉంది. ఫోన్లు చేస్తే మార్చడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా ఫొటోలు వాయిదా. ఒప్పందంలో ఏ ఫర్నిచరో ఫొటోలతో సహా రాయించుకోకపోవడం మా తప్పు. మూడు నెలలు దాటితే నెలకి ఎంతన్నది కూడా అడగలేదు. ఇల్లు మూడు నెలల పదకొండు రోజులకి అమ్ముడైంది. ఆ పదకొండు రోజులకి నెల మొత్తం అద్దె కట్టాం.

రెండోది చిన్న గొడవ కాదు. వెనక బెడ్‌రూమ్‌లో పైకప్పు మూలకి కింద చెమ్మ మచ్చ ఉండేది. పెయింట్ పొంగి, గోరుతో గీరితే పొడి రాలేది. గది అమర్చడానికి వచ్చిన కుర్రాడు దాని మీదికి నిలువెత్తు పెయింటింగ్ తగిలించేశాడు. చూడ్డానికి ఎంత బాగుందో! తీసేయమన్నాను. "అందరూ చేసేదే మేడమ్" అన్నాడు. దీపం పెట్టి గది బాగున్నట్టు చూపించడం వేరు, నీళ్లు కారుతున్న గోడని దాచడం వేరు. తెలిసిన లోపాన్ని దాచి అమ్మితే అది తర్వాత కోర్టు దాకా వెళ్లొచ్చు కూడా. ప్లంబర్‌ని పిలిస్తే పై పైపు జాయింట్ కారుతోందని తేలింది. బాగు చేయించి, గోడ ఆరాక పెయింట్ వేయించాం. కొన్నవాళ్లకి ఆ బిల్లు కూడా ఇచ్చాను. దానివల్ల బేరం చెడలేదు.

వాసన సంగతి కూడా ఈ ఇంట్లోనే తెలిసొచ్చింది. అమ్మ ఏళ్ల తరబడి రాసుకున్న నొప్పుల మందు వాసన కర్టెన్లకీ అల్మారా చెక్కకీ పట్టేసింది. నా ముక్కుకి అలవాటైపోయి అస్సలు తెలియలేదు. పక్కింటావిడ గుమ్మంలోకి రాగానే చెప్పేసింది. గది సువాసనల స్ప్రేలు కొట్టకండి, రెండు వాసనలు కలిసి మరీ ఘోరం. కర్టెన్లు తీసేసి, అల్మారాలు తుడిచి, వారం రోజులు కిటికీలు తెరిచి పెట్టాం. మీ ఇంటి వాసన మీకు తెలియదు. బయటి మనిషినెవరినైనా పిలిచి అడగండి.

ఇక మూడోది, వర్చువల్ స్టేజింగ్. చిన్న ఫ్లాట్ కదా, చవగ్గా అయిపోతుందని దానికి దిగాం. ఫొటోలు అదిరిపోయాయి. చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా మొదటి రెండు ఇళ్ల కంటే ఎక్కువే వచ్చారు. తలుపు తీయగానే ఒకాయన లోపలికి రాకుండా, "సోఫాలు తీసేశారా?" అని అడిగాడు. అసలు లేవని చెప్పాను. ఆయన ఫోన్ తీసి ఫొటోతో గదిని పోల్చి చూసుకున్నాడు. ఫొటోలో మూడు సీట్ల సోఫా, దాని ముందు బల్ల, ఇంకా చోటు. నిజం గదిలో ఆ సోఫా వేస్తే బాల్కనీ తలుపు తెరుచుకోదు. కంప్యూటర్‌లో సోఫాని ఎంత కావాలంటే అంత చిన్నది చేయొచ్చు. ఆయన మర్యాదగానే వెళ్లిపోయాడు, కానీ ఆ తర్వాత నేను చూపించిన ఏ కాగితాన్నీ నమ్మినట్టు అనిపించలేదు. చివరికి ఆ ఫొటోలు తీసేసి ఖాళీ గదుల ఫొటోలే పెట్టి, ధర కొంచెం తగ్గించి అమ్మాం. ఇది చేయించేవాళ్లు ఫొటో మీదే "కంప్యూటర్‌లో అమర్చింది" అని రాసి, పక్కనే ఖాళీ గది ఫొటో కూడా పెట్టండి. అలా పెట్టి ఉంటే మాకు పనికొచ్చేదేమో.

ఎవరికి అక్కర్లేదు అంటే, కూలగొట్టి కొత్తది కట్టుకునేవాళ్లు కొనే ఇంటికి అక్కర్లేదు. చూసిన వారంలోనే ఎగబడి కొంటున్న చోటైతే దీనికి పెట్టే డబ్బుతో ఒక మంచి ఫొటోగ్రాఫర్‌ని పిలవండి చాలు. నెలల తరబడి కదలకుండా ఉన్న ఇంటికీ, ఖాళీ ఇంటికీ, మాలాగా సామాను మధ్య ఇల్లు కనబడని వాళ్లకీ మాత్రం పెట్టొచ్చు. అంతా కాకపోయినా కనీసం రెండు గంటల సలహాకి ఒక స్టేజర్‌ని పిలవండి. మొదటి ఫ్లాట్‌లో జరిగిన మార్పులో సగం మొదటి రెండు గంటల్లో ఆవిడ రాసిచ్చిన లిస్టుదే.

ఇప్పుడుంటున్న ఇంట్లో దిగిన రోజే బల్బులన్నీ ఒకే రంగువి పెట్టించాను. సోఫా గోడకి జానెడు దూరంలోనే ఉంది. దాని చేతి మీద తువ్వాలు మాత్రం మళ్లీ ఆరుతోంది.