నెల్లూరు చిన్నబజారు మూలికల అంగడి: దినుసులు కొనండి, కషాయం పొడి వద్దు

నెల్లూరుకు చలి కంటే ముందు ముసురొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాటితోపాటే జలుబూ దగ్గూ. ఆ చెమ్మ మనుషులకే కాదు, మూలికలకూ పడదు. చిన్నబజారులోని ఈ అంగడిలో పొడుల కంటే విడి దినుసులే మేలనడానికి అసలు కారణం అదే.

ఇక్కడ అమ్మే కషాయం పొడి ప్యాకెట్ మీద దంచిన తేదీ ఉండదు. పొడి కొట్టాక శొంఠికీ పిప్పళ్ళకూ ఘాటు త్వరగా పోతుంది, ముసురు గాలికి ఉండలు కడుతుంది. పైగా మరీ మెత్తన. మెత్తటి శొంఠిపొడిని మరిగిస్తే అందులోని పిండి ఉడికి కషాయం జిగటెక్కుతుంది. వడకట్టినా మడ్డి దిగి గొంతులో గరగరలాడుతుంది.

విడి దినుసులు మాత్రం బాగున్నాయి, ఏరుకుంటే. శొంఠి రెండు రకాలు పెట్టారు. తెల్లగా కనిపించేది సున్నం పట్టించింది, రుద్దితే వేలికి పొడి అంటుతుంది. పక్కనున్న మట్టిరంగు ముడతల కొమ్ములు అడగండి. సూదిమొనంత రంధ్రాలుంటే పురుగు తొలిచినట్టే. పిప్పలి కొరికితే నాలుక చిమచిమలాడాలి. మిరియాలు నీళ్ళలో మునగాలి. తేలితే తాలుగింజలో, బొప్పాయి గింజలో అయ్యుంటాయి. అతిమధురం విరిస్తే లోపల పసుపురంగు కనపడాలి. ఏదైనా యాభై గ్రాములు చాలు, విసుక్కోకుండా తూచిస్తారు.

శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమభాగాలు. విడివిడిగా సన్నసెగ మీద వెచ్చచేసి, పూర్తిగా ఆరాక రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. వేడిమీదే సీసాకెత్తితే లోపల ఆవిరి పట్టి బూజొస్తుంది. ఒక మనిషికి రోజుకి అర టీస్పూను పొడి, అంగుళం అతిమధురం ముక్క, రెండు గ్లాసుల నీళ్ళు. సన్నమంట మీద ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి, పొద్దున సగం, రాత్రి సగం తాగాలి. అతిమధురం నురగకట్టి పొంగుతుంది, గిన్నె పెద్దది పెట్టుకోండి. ఏడెనిమిది తులసాకులు దించాకే వేసి మూత పెట్టాలి. మరిగిస్తే వాసనంతా ఆవిరిలో పోతుంది. తేనె గోరువెచ్చనయ్యాకే.

ఇది జలుబును పోగొట్టదు. అది దాని పాటికి వారం పది రోజుల్లో తగ్గేదే. ఈలోపు గొంతుకు హాయినిస్తుంది, అంతే. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు అతిమధురం మానేయాలి, అది బీపీ పెంచుతుంది. కడుపులో మంట ఉంటే పొడి సగానికి తగ్గించండి. పసిపిల్లలకు ఈ కారపు కషాయం వద్దు, ఏడాది నిండనివాళ్ళకు తేనె అసలే వద్దు.

ముక్కు దిబ్బడకు వాము కొనొచ్చు, ఘాటు బాగుంది. నూనె వేయకుండా మూకుట్లో వేయించి, పల్చని గుడ్డలో మూటకట్టి వాసన చూడాలి. మూట వేడి ముందు మీ ముంజేతి మీద చూసుకోండి. అందులో కర్పూరం కలపమని అంగట్లో చెబుతారు, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పని చేయకండి.

దగ్గు తగ్గలేదంటే "ఇంకో వారం తాగండి" అని మరో పొట్లం కడతారు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలి. ఆయాసం వచ్చినా, కళ్ళెలో నెత్తురు కనపడినా ఆ వెంటనే ఆసుపత్రికే.