బంకానా, ఫైబర్ బోటా, ఫెర్రీయా? ఫిలిప్పీన్స్ దీవుల్లో ఏ పడవ మేలు

మా అక్క కూతురు ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదువుతోంది. మొన్న వాట్సాప్‌లో అడిగింది: "పిన్నీ, సెలవులకి ఫ్రెండ్స్ అందరం దీవులు చూడ్డానికి వెళ్తున్నాం. ఆ రెక్కల పడవ ఎక్కొచ్చా? అమ్మేమో పెద్ద ఫెర్రీ తప్ప ఇంకేదీ ఎక్కొద్దంటోంది." అక్కకి నీళ్లంటే చిన్నప్పటినుంచీ టెన్షన్. రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకుందామనుకున్నాను గానీ కుదర్లేదు. అక్కడ ఈ ప్రశ్న టూరిస్టులది మాత్రమే కాదు మరి. జాలరి ఇళ్లలో, పడవ యజమానుల మధ్య, సర్కారు ఆఫీసుల్లో ఎన్నో ఏళ్లుగా ఇదే వాదన. పడవ ఎవరికి, దేనికి అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంటుంది.

ముందు ఆ రెక్కల సంగతి. ఫిలిప్పీన్స్‌లో 2016 లెక్క ప్రకారం 7,641 దీవులు. వాటి మధ్య తిరిగే పడవని 'బంకా' అంటారు. (మన బంకతో సంబంధం లేదు.) పొట్ట చాలా సన్నం, మనిషి చేతులు చాపితే రెండు అంచులూ అందేంత. అంత సన్నటి పడవ చిన్న అలకే బోర్లా పడాలి. పడకుండా పట్టేది రెండు పక్కలా నీటి మీద తేలే వెదురు గెడలు. వాటిని 'కాతిగ్' అంటారు. పడవకి అడ్డంగా వేసిన దూలాలు రెక్కల్లా బయటికి చాచుకుని ఉంటాయి, వాటి చివర ఈ వెదుళ్లని నైలాన్ తాడుతో బిగించి కడతారు. పడవ ఎడమకి ఒరిగితే ఎడమ వెదురు నీట్లో మునగబోతుంది. లోపలంతా గాలి గదులే కాబట్టి నీళ్లు దాన్ని పైకి తోస్తాయి, పడవ మళ్లీ నిలబడుతుంది. అక్కడి ప్రధాన భాష టగాలోగ్‌లో ఎవరి పక్షాన నిలబడ్డా ఇదే మాట వాడతారు. కోర్టు ఫలానా వాదనని సమర్థించిందని పేపర్లో రాయాలన్నా 'కాతిగ్' నుంచి పుట్టిన క్రియే.

జాలరి సంగతికొస్తే, ఈ డిజైన్‌లో అందం కంటే ముందు చూడాల్సింది పెట్రోలు ఖర్చు. పొట్ట సన్నగా ఉంటే నీటిని చీల్చుకుంటూ పోతుంది, చిన్న ఇంజన్ చాలు. పది, పదహారు హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజన్‌తో ఇద్దరు మనుషులు, వల, ఐసు పెట్టె వేసుకుని తెల్లారకముందే బయల్దేరి పొద్దెక్కేలోపు తిరిగొస్తారు. దేశం మధ్యలో ఉన్న విసాయాస్ దీవుల వైపు దీన్ని 'పంప్‌బోట్' అంటారు. మొదట్లో నీటి పంపులకి వాడే ఇంజన్లు బిగించారు గనక ఆ పేరని చెబుతారు. చాలా చిన్న బోట్లలో గేర్లుండవు, ఇంజన్ షాఫ్ట్ నేరుగా ఫ్యాన్‌కే. స్టార్ట్ చేశారా, పడవ కదిలినట్టే. వెనక్కి నడిపే ఏర్పాటూ ఉండదు, ఒడ్డుకొచ్చేటప్పుడు ముందే ఇంజన్ ఆపి ఊపు మీద ఇసుక ఎక్కించాలి.

ఫైబర్ బోటు కథ వేరు. ఆంధ్ర తీరంలో మనం చూసిందే: దుంగలు కట్టిన తెప్పల చోట ఫైబర్ బోట్లొచ్చాయి. చీకిపోవు, పురుగు తొలచదు, నీళ్లు పీల్చి బరువెక్కవు. ఫిలిప్పీన్స్‌లోనూ ఇదే ఆశ చూపించారు, అదీ ఒక పెద్ద విపత్తు తర్వాత. 2013 నవంబర్ 8న యొలాండా తుఫాను (ప్రపంచమంతా హైయాన్ అన్నది దాన్నే) లేతే, సమర్ తీరాలని ఊడ్చేసింది. సుమారు 30 వేల చేపల పడవలు దెబ్బతిన్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా. బతికి బయటపడ్డవాళ్లకి ఇల్లు తర్వాత, ముందు పడవ కావాలి. పడవ లేనిదే కూడు లేదు.

చెక్క ఎక్కడిది? పడవ అడుగున వేసే పొడవాటి కట్టెకి లావాన్ జాతి పెద్ద మాన్లు కావాలి. అడవులు అప్పటికే తరిగిపోయాయి. పైగా 2011 ఫిబ్రవరిలోనే అధ్యక్షుడు బెనీగ్నో అకినో సహజ అడవుల్లో చెట్ల నరికివేత మీద దేశమంతటా నిషేధం పెట్టారు. దాంతో ఫైబర్ ముందుకొచ్చింది. ఆహార, వ్యవసాయ సంస్థ అయితే మధ్యేమార్గం పట్టింది. ఫైబర్, మెరైన్ ప్లైవుడ్ కలిపి, కాతిగ్ మాత్రం అలాగే ఉంచిన మిశ్రమ పడవల్ని కట్టడం స్థానిక వడ్రంగులకి, జాలర్లకి నేర్పించింది. నాకు నచ్చింది ఈ దారే, ఎందుకో చెబుతాను.

చెక్క బంకాకి చిల్లు పడితే జాలరి ఏం చేస్తాడు? పోటు తగ్గాక పడవని ఇసుక మీద బోర్లించి, ఊళ్లోని హార్డ్‌వేర్ కొట్లో ప్లైవుడ్ ముక్క, మేకులు, ఎపాక్సీ కొనుక్కొచ్చి తనే అతికించుకుంటాడు. వెదురు విరిగితే పెరట్లోంచి ఇంకోటి కొట్టి తెచ్చి కట్టుకుంటాడు. ఫైబర్ చీలితే రెజిన్ కావాలి, గ్లాస్ మ్యాట్ కావాలి, గట్టిపడే మందు పాళ్లు తెలిసుండాలి, వాన పడని రోజు కావాలి. పట్నంలో ఇవన్నీ దొరుకుతాయి. మూడు గంటల సముద్ర ప్రయాణం దూరంలో ఉన్న దీవిలో దొరకవు. సాయంగా వచ్చే పడవ పల్చగా పోసినదైతే చిక్కు ఇంకా పెద్దది: బాగుచేసే చెయ్యీ దగ్గర్లో ఉండదు, సామానూ ఉండదు. ఊరికే వచ్చిన పడవ ఊరికే ఒడ్డున పడుంటుంది. చెక్క కనీసం పొయ్యిలోకైనా పనికొస్తుంది, ఫైబర్ దానికీ పనికిరాదు.

ఇంకో తేడా ఉంది. రెక్కల్లేకుండా స్థిరంగా నిలవాలంటే ఫైబర్ బోటు పొట్ట వెడల్పుగా ఉండాలి. పొట్ట పెరిగితే నీటి రాపిడి పెరుగుతుంది, ఇంజన్ పెద్దది కావాలి, రోజూ తాగే పెట్రోలూ పెరుగుతుంది. పడవ ఉచితంగా ఇచ్చినవాళ్లు పెట్రోలు ఇవ్వరు కదా. అందుకే అడుగు ఫైబర్‌తో పోసి, సన్నదనం పోనీకుండా, వెదురు రెక్కలు ఉంచుకున్న బంకా మేలంటాను. ఇప్పుడు కొందరు వెదురు బదులు పీవీసీ పైపులకి రెండు చివరలా మూతలు బిగించి కాతిగ్‌లా కడుతున్నారు. చూడ్డానికి బాత్రూమ్ సామాను సముద్రంలో తేలుతున్నట్టుంటుంది గానీ పనిచేస్తుంది.

ఒడ్డున ఇంకో లాభం. చాలా దీవుల్లో రేవంటూ ఉండదు, ఇసుకే రేవు. తుఫాను వస్తోందంటే పడవని కొబ్బరి చెట్ల దాకా లాగాలి. అప్పుడా అడ్డదూలాలే పిడులవుతాయి. ఇరుగూపొరుగూ అటూ ఇటూ నిలబడి భుజాల మీదకెత్తుకుని మోసుకెళ్తారు. నున్నటి ఫైబర్ బోటుకి పట్టుకోవడానికి చోటే సరిగ్గా దొరకదు.

రెక్కలతో ఇబ్బంది కూడా చిన్నదేం కాదు. రేవులో ఒక బంకా మూడు పడవల చోటు తింటుంది. పక్కపక్కనే ఆనించి కట్టలేరు, పక్కనుంచి ఎక్కనూలేరు. ముందు కొన మీదకి ఒక సన్నటి బల్ల వేస్తారు, దాన్ని 'అందామ్యో' అంటారు, స్పానిష్ వాళ్లు వదిలివెళ్లిన మాట. ఇద్దరు పడవవాళ్లు వెదురు గెడని చెరో కొసా పట్టుకుని చేతిపట్టులా ఆపుతారు. సామాన్లతో, చీరతో ఆ బల్ల మీద నడిచి చూస్తే తెలుస్తుంది.

తెరచాపనా ఇంజనా అన్న పోటీ ఎప్పుడో ముగిసింది, ఇంజనే గెలిచింది. విసాయాస్ పరావ్, రెండు చాపలతో గాలిని పట్టి దూసుకెళ్లే పడవ, ఇప్పుడు బోరకాయ్‌లో సూర్యాస్తమయానికి టూరిస్టుల్ని తిప్పుతుంది. ఇలోయిలోలో 1973 నుంచి దానికి ప్రత్యేకంగా పందేలు జరుపుతున్నారు. అయితే పెట్రోలు ధర మండినప్పుడు చిన్న దోనెల మీద టార్పాలిన్‌తో, పాత సంచులతో కుట్టిన చాపలు లేస్తాయి. బీద జాలరికి అది ముచ్చట కాదు, లెక్క.

మనుషుల్ని దాటించే పడవ దగ్గరికొచ్చేసరికి నా ఓటు మారుతుంది.

కాతిగ్ ఇచ్చే స్థిరత్వం ఒక హద్దు దాకానే. కొద్దిగా ఒరిగినప్పుడు గట్టిగా ఆపుతుంది, అందుకే బంకాలో కూర్చుంటే మామూలు పడవ కంటే ఊపు తక్కువగా అనిపిస్తుంది. కానీ వెదురు పూర్తిగా మునిగిందా, లేక దూలం విరిగిందా, ఆ తర్వాత ఆపేది ఏమీ లేదు. అడుగున బరువున్న వెడల్పాటి ఓడ మెల్లమెల్లగా ఒరుగుతుంది, తేరుకోవడానికి వ్యవధి ఇస్తుంది. బంకా ఇవ్వదు. ఈ తేడా నలుగురు జాలర్లకి అంతగా తెలియదు, వాళ్లు ఒంటి బరువుని అటూ ఇటూ జరుపుకుంటూ, అవసరమైతే ఒకడు దూలం మీదకెక్కి కూర్చుని సర్దుకుంటారు. యాభై మంది ప్రయాణికులు అలా చెయ్యలేరు. భయపడితే అందరూ ఒకే పక్కకి జరుగుతారు. 2023 జూలైలో మనీలా దగ్గర లగూనా సరస్సులో జరిగింది అదే: గాలి కొట్టింది, జనం ఒక పక్కకి చేరారు, పడవ తిరగబడింది. రెండు డజన్ల మందికి పైగా పోయారు. ఎక్కించాల్సిన దానికంటే ఎక్కువ మంది ఎక్కారని తర్వాత తేలింది.

అంతకు ముందు 2019 ఆగస్టు 3న ఇలోయిలో, గిమరాస్ మధ్య జలసంధిలో ఒకే రోజు మూడు బంకాలు బోల్తా పడి 31 మంది చనిపోయారు. దాటాల్సిన దూరం చాలా తక్కువ, అవతలి ఒడ్డు కళ్లకి కనిపిస్తుంటుంది. ఇలాంటి బోట్లకి వాన జల్లు పడకుండా పక్కల టార్పాలిన్ తెరలు దించుతారు. తెర దించితే అది చాపలా గాలిని పడుతుంది, బోల్తా పడితే బయటికి రాకుండా అడ్డుపడుతుంది. ఆ తర్వాతే చెక్క ప్రయాణికుల బోట్లని తప్పించి ఫైబర్, ఇనుప ఓడలకి మారాలన్న ఒత్తిడి సముద్ర రవాణా శాఖ నుంచి పెరిగింది. యజమానులేమో అంత అప్పు ఎవరిస్తారని గోల పెట్టారు. రెండు పక్షాల్లోనూ నిజముంది. నేను మాత్రం రోజూ జనాన్ని నింపుకుని జలసంధి దాటే దారిలో ఇనుప ఓడ వైపే ఉంటాను. ఇక్కడ బాగుచేసుకునే సౌలభ్యం కంటే ఒరిగినప్పుడు దొరికే వ్యవధి ముఖ్యం.

పెద్ద దీవుల మధ్య ఈ మార్పు 2003 నాటి నాటికల్ హైవేతోనే (దీవుల రోడ్లని ఓడలతో కలిపే దారి) ఊపందుకుంది. లారీలు, బస్సులు నేరుగా ఓడలోకి ఎక్కి అవతల దిగిపోయే 'రోరో' ఓడలవి. గోదావరి పంటు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అదే పని, సముద్రం మీద. కానీ రోరోకి కాంక్రీటు రేవు, లోతు నీళ్లు కావాలి. రెండొందల ఇళ్ల దీవికి అది రాదు. అక్కడికి బియ్యం బస్తా, తాగునీటి క్యాన్లు, గ్యాస్ సిలిండర్, పురిటినొప్పులు పడుతున్న మనిషి, అన్నీ బంకాలోనే. అక్కడి గ్రామ పాలన యూనిట్‌ని 'బరాంగే' అంటారు, అదీ పాతకాలపు పడవ 'బాలంగాయ్' పేరే. అలాంటి పడవల అవశేషాలు 1976లో బుతువాన్‌లో మట్టిలోంచి బయటపడ్డాయి.

బడి పిల్లల దగ్గర మాత్రం ఏ పడవ అన్న చర్చే అనవసరం. జాంబోవాంగా దగ్గర లయాగ్-లయాగ్‌లో పిల్లలు బడికి ఈదుకుంటూ వెళ్లేవాళ్లు. ఆ సంగతి 2010లో ఆన్‌లైన్‌లో పాకాక విరాళాలు పోగై వాళ్లకి పడవ వచ్చింది, స్కూల్ బస్సులా పసుపు రంగు పూసి. 'యెల్లో బోట్ ఆఫ్ హోప్' అనే సంస్థ అలా మొదలైంది. ఈతతో పోల్చి చూస్తే ఏ పడవైనా మేలే.

ఇంతా చెప్పి మా పిల్లకి ఏం రాశానంటే: దవావో నుంచి ఎదురుగా ఉన్న సమాల్ దీవికి అమ్మ మాటే విను, వాహనాల్ని దాటించే బార్జ్ ఎక్కు. అక్కడికి వెళ్లాక ఒడ్డు వెంబడి చిన్న దీవులు చూడాలంటే బంకా ఎక్కు, దానికి మించిన పడవ లేదు. లోతు లేని నీళ్లలో పగడపు దిబ్బల దాకా పోతుంది, ఏ ఇసుక మీదైనా ఆగుతుంది. పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. తుఫాను ఒకటో నంబర్ సిగ్నల్ ఎగరేస్తే కోస్ట్ గార్డ్ చిన్న పడవల్ని ఎలాగూ ఆపేస్తుంది, ఆపకపోయినా నువ్వు ఆగు. లైఫ్ జాకెట్ మెడలో వేలాడదీసుకోవడం కాదు, క్లిప్ పెట్టుకో. టార్పాలిన్ తెర దించి ఉన్న పక్కన కూర్చోకు. ఎక్కేముందు వెదురు కట్లు చూడు, నైలాన్ తాడు కొత్తగా, బిగుతుగా ఉందా, సగం తెగిన పోగులున్నాయా అని.

దానికి తిరుగు జవాబుగా ఒక ఫోటో పంపింది. అందామ్యో బల్ల మీద చెప్పులు చేతిలో పట్టుకుని, ఇంకో చేత్తో వెదురు గెడ గట్టిగా పట్టుకుని నిలబడుంది. లైఫ్ జాకెట్ క్లిప్ పెట్టుకోలేదు.