జాగ్రత్త: ‘రియో’ బ్రిటన్ ఫస్ట్ ప్రెస్సింగ్ అంటారు, అట్ట ఒకటి, లోపల రికార్డు ఇంకొకటి

ఇంకా చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా ఇప్పుడే రాస్తున్నాను. రేపటికి కోపం చల్లారితే ‘పోనీలే, మన పిల్లాడే కదా’ అనిపిస్తుందేమోనని భయం. అలా వదిలేస్తే మీలో ఇంకొకరు మోసపోతారు.

ఇంగ్లీషు పాప్ బ్యాండు డురాన్ డురాన్ వాళ్ల ‘రియో’ ఎల్పీ కొన్నాను. ఎవరి దగ్గరో ఇక్కడ ఇంగ్లండ్ మిడ్‌ల్యాండ్స్‌లో పాత రికార్డులు కొనే తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. ఉగాది ఫంక్షన్లలో టేబుల్ వేసుకుని కూర్చుంటాడు, అందర్నీ ఆంటీ, అంకుల్ అని నోరారా పిలుస్తాడు. పేరు రాయను. మీకే అర్థమవుతుంది.

1982లో ఈఎంఐ రికార్డు కంపెనీ వాళ్లు ఇక్కడ వేసిన మొదటి ప్రెస్సింగ్, అంటే మొదటి విడతలో తయారైన కాపీ అన్నాడు. అట్ట మూల కూడా నలగలేదు, రికార్డు మీద గీత లేదు అన్నాడు. ఫొటోలు పంపాడు. 45 పౌండ్లు చెప్పాడు. ‘రియో’ అరుదైన రికార్డేమీ కాదు. ఆ ఏడాది ఇక్కడి చార్టులో రెండో స్థానం దాకా వెళ్లిన ఆల్బమ్ అది, గీతలు పడ్డ కాపీలు ఇప్పటికీ చారిటీ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి. నేను అంత ఇచ్చింది శుభ్రమైన కాపీ కోసం, అదీ బ్రిటన్ కాపీయే కావాలని. ఎందుకు అదే కావాలో అతనికి ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పాను. చివరికి ఆ చెప్పిన మాటలే నా మీద వాడాడు కాబట్టి మీకూ చెబుతాను.

1982 వేసవిలో పెళ్లయి తెనాలి నుంచి బర్మింగ్‌హామ్ వచ్చాను. మావారు ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు. ఇంట్లో ఉండే రాత్రుల కంటే డ్యూటీలో ఉండే రాత్రులే ఎక్కువ. ఆసుపత్రి క్వార్టర్సులో ఒక గది, అద్దెకి తెచ్చుకున్న టీవీ. ఆగస్టు నెలలో స్వెటర్ వేసుకుని కూర్చునేదాన్ని. తెలుగు మీడియంలో చదువుకున్న దాన్ని, టీవీలో వాళ్ల ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. పక్క గదిలో ఉండే నర్సు ఈ ఊరి పిల్లే. గురువారం వస్తే ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ అనే పాటల కార్యక్రమం చూడటానికి మా గదికి వచ్చేసేది.

అలా ఒక సాయంత్రం టీవీలో ‘రియో’లోని ‘సేవ్ ఎ ప్రేయర్’ పాట వీడియో వచ్చింది. కొబ్బరిచెట్లు. సముద్రం. నీళ్లలో పాతిన కర్రల మీద కూర్చుని గాలం వేసే జాలర్లు. రాతి బుద్ధుడు. ఏనుగులు. ఊరు వదిలి వచ్చాక అలాంటి వెలుతురు చూడటం అదే మొదటిసారి. శ్రీలంకలో తీశారని నర్సు చెప్పింది. సిగిరియా కొండ, పొలొన్నరువ శిథిలాలు అని ఆ పేర్లన్నీ తర్వాత తెలిశాయి. నాకు మాత్రం ఆ క్షణంలో బాపట్ల దాటాక సూర్యలంక దగ్గర వచ్చే ఉప్పుగాలి ముక్కుకి తగిలింది. ఏడ్చేశాను. ఆ పిల్ల కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది. రసెల్ మల్కాహీ అనే ఆస్ట్రేలియా దర్శకుడు ఏప్రిల్లో అక్కడికి వెళ్లి తీసిన వీడియో అది. అదే ఆల్బమ్‌లోని ‘హంగ్రీ లైక్ ది వుల్ఫ్’ వీడియో కూడా ఆ ప్రయాణంలోనే తీశారు. వాళ్లు అందమైన చోటు చూసుకుని వెళ్లి ఉంటారు. ఎక్కడో గదిలో ఒంటరిగా కూర్చున్న ఒక తెనాలి అమ్మాయికి ఇల్లు చూపిస్తున్నామని వాళ్లకేం తెలుసు!

ఆ పాడేవాళ్లు ఈ ఊరివాళ్లే అని నర్సు అంటే మొదట నమ్మలేదు. బ్రాడ్ స్ట్రీట్‌లో బస్సు వెళ్తుంటే రమ్ రన్నర్ క్లబ్బు చూపించింది. పేరు రాకముందు వాళ్లు రిహార్సల్స్ చేసుకున్నది అక్కడే. బ్యాండులోని నిక్ రోడ్స్ అక్కడే డీజే, ఆండీ టేలర్ అక్కడే వంటింట్లో పనిచేసేవాడు. పాడే సైమన్ లె బాన్ ఇక్కడి యూనివర్సిటీలో డ్రామా చదివే కుర్రాడు. బ్యాండులో ఆండీ, జాన్, రోజర్ ముగ్గురి ఇంటిపేరూ టేలరే అయ్యేసరికి మావారు చాలాకాలం అన్నదమ్ములనుకున్నారు. ముగ్గురికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ క్లబ్బుని 1987లో పడగొట్టేశారు. ఇప్పటికీ అటు వెళ్తే కళ్లు ఆ చోటే వెతుకుతాయి.

తర్వాత మావారు ఆ ఎల్పీ కొనుక్కొచ్చారు. పాట్రిక్ నాగెల్ వేసిన నవ్వుతున్న అమ్మాయి బొమ్మ, చుట్టూ ముదురు వంకాయ రంగు. దాన్ని ఎంత విన్నానంటే ఏ చప్పుడు ఎక్కడొస్తుందో నాకు నోటికి వచ్చు. మొదటి పాట మొదట్లో వచ్చే ఆ వింత శబ్దం పియానో తీగల మీద లోహపు కడ్డీలు పడేసి, దాన్ని తిరగేసి వాయించింది. జాన్ టేలర్ బేస్ గిటారు ఒక్కటీ విడిగా వినడం నేర్చుకున్నాను. డ్యూటీ రాత్రుల్లో నాకు తోడు ఆ రికార్డే. ఇళ్లు మారుతున్నప్పుడు సెల్లార్‌లో నీళ్లొచ్చి అట్టతో సహా పాడైపోయింది. మావారు పోయాక మళ్లీ అదే కాపీ, ఇక్కడ ఆ ఏడాది దుకాణాల్లో దొరికిన కాపీయే ఇంట్లో ఉండాలనిపించింది. ఇదంతా అతనికి చెప్పాను. “ఆంటీ, మీ మాటలు వింటుంటే కళ్లు చెమర్చాయి, ఇంకెవరడిగినా ఇవ్వను, మీకే” అన్నాడు. డబ్బు అతని అకౌంటుకే పంపమన్నాడు. పంపాను.

పార్శిల్ వచ్చింది. అట్ట నిజంగానే బ్రిటన్ అట్ట. వీపు మీద ఈఎంఐ వాళ్ల నంబరు ఈఎంసీ 3411 ఉంది. బొమ్మ రంగు చూసి ప్రాణం లేచొచ్చింది. లోపల కవర్లోంచి రికార్డు బయటికి లాగితే లేబుల్ మీద ఈఎంఐ కాదు, కాపిటల్ అనే అమెరికా కంపెనీ పేరు ఉంది. నంబరు ఎస్‌టీ-12211. అమెరికా కాపీ. దాని మీద దీపం వెలుతురులో సన్నటి గీతలు వరసగా కనిపిస్తున్నాయి.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్తాను. ‘రియో’ అమెరికాలో మొదట అంతగా అమ్ముడుపోలేదు. అప్పుడు డేవిడ్ కెర్షెన్‌బామ్ అనే నిర్మాత చేత మొదటి వైపు ఐదు పాటలూ రీమిక్స్ చేయించి, కాపిటల్ వాళ్లు 1982 నవంబరులో మళ్లీ వదిలారు. ఎంటీవీ తోడై ‘హంగ్రీ లైక్ ది వుల్ఫ్’ అక్కడ మూడో స్థానం దాకా వెళ్లింది. ఆ రీమిక్సులు నచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి కోసమే అమెరికా కాపీ వెతికేవాళ్లూ ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ అది వేరే రికార్డు. మొదటి వైపు పెట్టి విన్నాను. డ్రమ్స్ ముందుకొచ్చేశాయి. నాకు తెలిసిన చోట తెలిసిన చప్పుడు లేదు. నా గదిలో వినబడిన పాట అది కాదు.

వెంటనే ఫోన్ చేశాను. బాబూ, పొరపాటున వేరే రికార్డు పెట్టినట్టున్నావు అన్నాను. నిజంగా పొరపాటనే అనుకున్నాను. అతను ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఆంటీ, మీకు కావాల్సింది ‘సేవ్ ఎ ప్రేయర్’ ఒక్కటే కదా. అది రెండో వైపు. రెండో వైపు అక్కడా ఇక్కడా ఒకటే మిక్స్. ఇంక మీకొచ్చిన నష్టమేంటి?”

నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. ఈ మాట ఇంకోసారి చదవండి. రీమిక్స్ చేసింది మొదటి వైపే అని, రెండో వైపు ముట్టుకోలేదని తెలిసినవాడు లేబుల్ చూడకుండా రికార్డు పెడతాడా? తెలిసే పెట్టాడు. నేను ఏ పాట కోసం ఏడ్చానో చెప్పుకుంటే, ఆ పాట ఏ వైపు ఉందో చూసుకుని లెక్కేసుకున్నాడు. నా కన్నీళ్లు అతనికి ఒక వివరం మాత్రమే.

నాకు పంపిన ఫొటోలో ఉన్న రికార్డు ఏమైంది అని అడిగాను. “ఫొటో శాంపిల్ కోసం ఆంటీ” అన్నాడు. డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. “ఈ వయసులో మీకు ఆ తేడా వినబడిందంటే గొప్పే” అని నవ్వాడు. వెనకాల ఇంకెవరో కూడా నవ్వారు. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. సాయంత్రానికి బ్లాక్ చేశాడు.

వయసు గురించి ఒక మాట చెప్పనివ్వండి. ఈ పాటలు వచ్చినప్పుడు విన్నవాళ్లం మేము. మా వయసు వాళ్ల చెవుల్లోనే ఈ రికార్డు ఎలా మోగాలో ఉంది. నిన్నగాక మొన్న ధరలు చూసుకుని వ్యాపారం మొదలుపెట్టిన కుర్రాడు నా చెవుల్ని ఎగతాళి చేస్తాడా? 45 పౌండ్లు పోతే పోయాయి. ఆ నవ్వు మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు.

అసలు విషయం తర్వాత బయటపడింది. మా అబ్బాయి వెతికితే, అదే మనిషి వేరే పేరుతో “రియో, యూకే ఫస్ట్ ప్రెస్, రికార్డు మాత్రమే, అట్ట లేదు” అని అమ్మకానికి పెట్టిన ప్రకటన దొరికింది. అందులో లేబుల్ ఫొటో ఉంది. నడిమి రంధ్రం పక్కన గోరంత గోధుమరంగు మరక, నాకు పంపిన ఫొటోలో ఉన్న మరకే, అదే చోట, అదే ఆకారం. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఎవరికి చూపించినా ఇట్టే పోల్చేస్తారు. అంటే మంచి కాపీని రెండు ముక్కలు చేశాడు. అట్ట నాకు అంటగట్టి, అరిగిపోయిన అమెరికా రికార్డు అందులో దూర్చి, అసలు రికార్డుని ఇంకొకరికి అమ్మాడు. ఇప్పుడా ప్రకటన మీద అమ్ముడైపోయింది అని ఉంది. ఆ కొన్నవాళ్లకి ఇందులో ఒక అట్ట ఉండేదని కూడా తెలియదు.

“ఆంటీ ఎందుకొచ్చిన గొడవ, చిన్న మొత్తమేగా, మన తెలుగువాళ్ల మధ్య పరువు పోతుంది” అని ఇప్పటికే ఒకరిద్దరు ఫోన్ చేశారు. పరువు పోవాల్సింది ఎవరిది? అతని దగ్గర ఘంటసాల, సుశీల పాత రికార్డులు కొనే పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్లలో సగంమంది లేబుల్ చదవరు. అట్ట చూసి, పిల్లాడి మాట విని డబ్బిస్తారు. అట్ట ఒకటి, రికార్డు ఒకటి అయితే వాళ్లకి ఎవరు చెప్తారు?

కొనేటప్పుడు ఇవి చూడండి. అట్ట వీపు మీద నంబరు, లేబుల్ మీద నంబరు కలవాలి. చివరి పాట అయ్యాక లేబుల్‌కి ముందు ఉండే ఖాళీ వలయంలో గీకినట్టు నంబరు ఉంటుంది, దాని ఫొటో కూడా అడగండి. అట్ట, లోపలి కవరు, రికార్డు మూడూ ఒకే ఫొటోలో, పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితంతో పంపమనండి. ఇబ్బంది లేనివాళ్లు పంపుతారు. డబ్బు నేరుగా అకౌంటుకి వేయొద్దు, పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ పద్ధతిలో అసలే వద్దు, దానికి కొనుగోలు రక్షణ ఉండదు. కార్డుతో కట్టండి. పార్శిల్ విప్పేటప్పుడు ఎవర్నైనా పక్కన పెట్టుకుని వీడియో తీయించండి. మామూలు మనిషి దగ్గర కొన్నా సరే, ఇక్కడి చట్టం ప్రకారం వస్తువు చెప్పినట్టే ఉండాలి. మా అబ్బాయి స్మాల్ క్లెయిమ్స్‌కి, అంటే చిన్న మొత్తాల కోర్టు దావాకి కాగితాలు సిద్ధం చేస్తున్నాడు. మెసేజీలు, రెండు ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ దాచాం.

ఇంకో సంగతి. అట్ట లేకుండా ‘రియో’ కొన్నవాళ్లు ఇది చదువుతుంటే, లేబుల్ మీద ఆ గోధుమరంగు మరక ఉందేమో చూసి నాకు రాయండి. రికార్డు తిరిగివ్వమని అడగను, మీరూ డబ్బు పెట్టే కొన్నారు. ఆ లేబుల్ ఫొటో, అతను మీకు పంపిన మెసేజీ ఇస్తే చాలు, క్లెయిమ్‌లో జత చేస్తాను. అతని దగ్గర వేరే రికార్డులు కొన్నవాళ్లు కూడా ఈ వారాంతంలో ఒకసారి అట్టల్లోంచి తీసి నంబర్లు సరిచూసుకోండి. తేడా ఉంటే దాచుకోకుండా ఇక్కడే కింద రాయండి.