పదకొండు వేల ఎయిర్ రైఫిలు, మూడు బోల్టులు, మా అమ్మాయి గురి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 26 ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది, ఎన్‌సీసీలో ఉంది. మొన్నటి క్యాంపులో 0.22 రైఫిలుతో ఐదు రౌండ్లు కాల్చనిచ్చారట. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అన్నం దగ్గర కూడా అదే మాట. "నాన్నా, ఊపిరి సగం వదిలి ఆపాలి, అప్పుడు వేలు నొక్కాలి" అంటూ గరిటె పట్టుకుని చూపిస్తుంది. ఏడాదికి ఐదు రౌండ్లతో ఎవరికి గురి కుదురుతుంది? రోజూ పంపించగలిగే రేంజి మాకు అందుబాటులో లేదు. అందుకే స్ప్రింగుతో పనిచేసే, గొట్టాన్ని కీలు దగ్గర కిందికి వంచి (దీన్నే విరవడం అంటారు) గుండు పెట్టే ఎయిర్ రైఫిలు ఒకటి తెప్పించాను. మన దేశంలో తయారైనదే. రైఫిలుకి 11,200 రూపాయలు, స్కోపుకి (గురి చూసే దుర్బిణీకి) 2,300, 500 పెల్లెట్ల (సీసం గుళ్ల) డబ్బాకి 450 అయ్యాయి.

ముందు మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఇంట్లో తుపాకీ ఏటండీ, ఆడపిల్లున్న ఇల్లు" అంది. ఆ భయం న్యాయమైనదే, అందుకే నేను చదివి తెలుసుకున్నది చెప్పాను. గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. షాపువాళ్లు ఆధార్, వయసు రుజువు తీసుకునే పంపారు. నేను బిల్లు నకలు తీసుకెళ్లి ఠాణాలో కూడా ఒక మాట చెప్పి వచ్చాను. చెప్పాలని రూలేమీ లేదు, నా మనసు కుదుట పడ్డానికి వెళ్లాను.

పార్సిలు రథయాత్ర వారంలో వచ్చింది. పెట్టె పొడుగు తగ్గించడానికి చెక్క బట్టు (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) వేరుగా, ఇనుప భాగం వేరుగా కట్టారు. బోల్టులు చిన్న ప్లాస్టిక్ సంచిలో వేశారు. కొత్త మిషను పెట్టె విప్పేటప్పుడు నాకెప్పుడూ ఒక సంతోషం ఉంటుంది, ఆ రోజు దానికి పదింతలు. వసారాలో దుప్పటి పరిచి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను.

బిగించాల్సినవి మూడే బోల్టులు. చెక్క ముందు భాగంలో ఆ పక్కొకటి ఈ పక్కొకటి, ట్రిగ్గరు గార్డు దగ్గర ఒకటి. ఎవరైనా పది నిమిషాల్లో అయిపోతుందనుకుంటారు. మాకు రెండు గంటలు పట్టింది. పక్క బోల్టులు రెండింటికీ పళ్ల వాషర్లు ఉండాలి, సంచిలో ఒకటే ఉంది. షాపుకి ఫోన్ చేస్తే పంపిస్తామన్నారు, అది వచ్చేసరికి తొమ్మిది రోజులు. ఈలోగా నా సొరుగులోంచి సరిపడే స్ప్రింగు వాషరు వెతికి వేశాను. మిషను మెకానిక్కుని కాబట్టి దొరికింది. మామూలు ఇంట్లో ఎక్కడ దొరుకుతుంది? పదకొండు వేలు పుచ్చుకున్నవాళ్లు రూపాయి వాషరు లెక్క చూసుకుని పంపాలి.

రెండో సంగతి బిగింపు. ఒక పక్క బోల్టు పూర్తిగా బిగించేసి రెండోది పట్టుకోకూడదు. కుడి పావు తిప్పు, ఎడమ పావు తిప్పు, గార్డు దగ్గర పావు తిప్పు, అలా మూడింటినీ కలిపి దగ్గరికి తేవాలి. లేకపోతే ఇనుము చెక్కలో వంకరగా కూర్చుంటుంది. బోల్టు గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవరే వాడాలి. సన్నది పెడితే మొదటిరోజే గాడి అరిగిపోతుంది. స్ప్రింగు తుపాకీ పేలినప్పుడు ముందుకీ వెనక్కీ రెండు సార్లు అదురుతుంది, ఆ అదురుకి బోల్టులు వదులవుతాయి. మాకు మొదటి 60 గుళ్లకే ఎడమది వదులైంది. గుళ్లు ఎక్కడెక్కడో పడుతుంటే అమ్మాయి తన చెయ్యి కుదరలేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. తీరా చూస్తే తప్పు బోల్టుది. ఇప్పుడు ప్రతి ఆదివారం మూడూ చూసుకున్నాకే కాల్చడం.

నూనె సంగతి మిషను నూనె ఇంట్లో ఉన్నవాళ్లంతా వినండి. కొత్త గొట్టంలో ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, మొదటి 30, 40 గుళ్లకి పొగ, కాలిన వాసన వస్తాయి. లోపల గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి ఆ వేడికి నూనె మండటమే కారణం. పొడిగుడ్డ ముక్క దారంతో గొట్టంలోంచి నాలుగైదు సార్లు లాగితే తగ్గింది. నూనె వేస్తే నున్నగా నడుస్తుందని గాలి గదిలో చుక్కలు వెయ్యొద్దు, లోపలి సీలు పాడవుతుంది. మా వానాకాలం తేమకి పైన ఇనుము తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడవండి, అంతవరకే.

రైఫిలుతో వచ్చిన సూచనల కాగితం అంతా ఇంగ్లీషులో, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది. అందులో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాల్సిన ముక్క ఎక్కడో మూడో పేజీలో ఉంది: గొట్టం విరిచి గుండు పెట్టేటప్పుడు రెండో చెయ్యి గొట్టాన్ని వదలకూడదు. లోపలి కొక్కెం జారితే గొట్టం ఒక్క దెబ్బలో పైకి లేచి వేళ్లు నలిగిపోతాయి. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇక్కడి తెలుగు ఇంటికి ఈ ఒక్క వాక్యం తెలుగులో రాకపోవడం నాకు బాధగా ఉంది. మా అమ్మాయి చదివేది ఒడియా మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. నాకేమో ఒడియా రాత అంత సాఫీగా రాదు. అందుకని ఒకే అట్ట మీద నేను తెలుగులో, తను ఒడియాలో జాగ్రత్తలు రాసి బీరువా తలుపుకి అంటించాం. గుండు లేకుండా పేల్చొద్దు, విరిచి నొక్కిన తుపాకీని అలా పక్కన పెట్టొద్దు, గురి పెట్టేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు, సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది.

మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగు. వసారా నుంచి పెరటి గోడకి సరిగ్గా 10 మీటర్లు తేలింది. 150 సెంటీమీటర్ల కుట్టు టేపు ఆరుసార్లు పరిచి పైన మరో మీటరు కొలిచాను. గోడకి ఇసుక బస్తాలు, ముందు మందపాటి పలక, దాని మీద పాత పేపర్ల కట్ట, కట్ట మీద టార్గెట్ కాగితం. కాల్చేటప్పుడు పెరటి తలుపు గడియ వేసే ఉంటుంది. టార్గెట్ జిరాక్సు తీయించేవాళ్లు స్కేలు పెట్టి కొలవండి, నల్ల వలయం అడ్డంగా 30.5 మిల్లీమీటర్లు ఉండాలి. మాకు 28 వచ్చింది, షాపతను పేజీకి సరిపెట్టడానికి కుదించేశాడు. నడిమి పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారు పతకం తెచ్చింది, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు తెచ్చింది ఈ 10 మీటర్ల పోటీలోనే. వాళ్లు పట్టుకునేవి ఈ రకం కావు. అవి నొక్కిన గాలితో పేలతాయి, అదురు ఉండదు, ధర లక్షల్లో. దీంతో పోటీకి వెళ్లలేం. నిలబడటం, ఊపిరి పట్టడం, వేలు నెమ్మదిగా నొక్కడం మాత్రం దీనితో బాగా అలవాటవుతాయి.

స్కోపు మీద పెట్టిన డబ్బు దండగ. నాలుగు రెట్లు పెద్దగా చూపిస్తుందన్నారు. అది దూరానికి సరిచేసిన అద్దం, 10 మీటర్లకి బొమ్మ మసకగా కనిపిస్తుంది. పైగా అదురుకి క్లాంపు వెనక్కి జరిగిపోయింది, 30 గుళ్లకి రెండు మిల్లీమీటర్లు. దాన్ని విప్పేశాక అమ్మాయి రైఫిలుతో వచ్చిన మామూలు సైటుతోనే కాల్చింది. కూర్చుని, ముందు చెక్కని గట్టిగా పిసక్కుండా అరచేతి మీద ఊరికే ఆనించి కాలిస్తే ఐదు గుళ్ల రంధ్రాలూ రెండు రూపాయల బిళ్ల కింద దాక్కున్నాయి. గొట్టం మంచిది. ట్రిగ్గరు నొక్కడానికి కాస్త బరువు, అయినా ప్రతిసారీ ఒకేచోట పేలుతుంది, అందుకే దాని లోపల నేను చెయ్యి పెట్టలేదు.

వీధిలో సంగతి తెలిశాక ఇద్దరు ముగ్గురు వచ్చి కోతుల్ని తోలడానికి ఒక రోజు ఇమ్మన్నారు. పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) అయితే మామిడి చెట్టు మీద చిలకల కోసం అడిగింది. ఇవ్వనని చెప్పేశాను. 1972 వన్యప్రాణి చట్టం సంగతి సరే, అది లేకపోయినా ఇవ్వను. ప్రాణమున్న దాని మీద మా పిల్ల గురి పెట్టడం నాకు ఇష్టం లేదు.

గుణుపూర్, రాయగడ వైపు నుంచి ఎవరైనా పిల్లల కోసం కొనాలనుకుంటే రైఫిలు కొనండి. స్కోపు వద్దు, ఆ డబ్బుతో చదును ముక్కు పెల్లెట్లు ఐదు డబ్బాలు వస్తాయి, కాగితం మీద రంధ్రం గుండ్రంగా తెగుతుంది. డబ్బు కట్టే ముందే వాషర్లు లెక్కపెట్టి పంపమని చెప్పండి. స్కోపు వెనక్కి తీసుకోమని షాపుకి రాశాను. తీసుకుంటాం, కొరియరు ఖర్చు మీదే అన్నారు. 180 రూపాయలు కట్టి నిన్ననే పంపాను.