టీబీ తర్వాత 16 నెలలు తూచుకుని తిన్నాను

2024 జులైలో నాకు ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. అప్పటికే 60 కిలోల నుంచి 44కి పడిపోయాను. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. నేను పాఠాలు చెప్పే తరగతి బడిలో పై అంతస్తులో ఉంది. ఎక్కేటప్పుడు మధ్యలో గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకునేదాన్ని.

చూడటానికి వచ్చినవాళ్లంతా "బలమైన తిండి తిను" అన్నారు. బలమైన తిండి అంటే ఏది, ఎంత, రోజుకు ఎన్నిసార్లు అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒకరు ఖరీదైన ప్రొటీన్ పొడి డబ్బా తెచ్చిచ్చారు. దాని మీద రాసింది చదివితే పప్పుల కంటే ముందు చక్కెర పేరుంది, అంటే చక్కెరే ఎక్కువ. సగం కూడా వాడకుండానే పక్కన పెట్టాను.

అప్పుడు నా తమ్ముడు, రోజుకు ఏది ఎంత తినాలో చూపే పళ్లెం బొమ్మ ఒకటి ఫోన్‌లో పంపాడు. అది జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లది. హైదరాబాద్ తార్నాకలోని ఈ సంస్థ 2024 మే నెలలోనే భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులోదే ఈ 'మై ప్లేట్ ఫర్ ద డే'. రోజుకు 2000 కిలోకేలరీల లెక్క. బియ్యం, జొన్నలు, రాగులు అన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85. పండ్లు 100, పల్లీలు నువ్వుల వంటివి 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండక ముందు తూకాలు. డాక్టర్ గారికి చూపిస్తే, ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వేసిన లెక్క, మీరు బాగా తగ్గిపోయారు కాబట్టి దీని మీద రోజూ రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు ఎక్కువ తినండి అన్నారు. ఆ రోజే చిన్న డిజిటల్ త్రాసు కొన్నాను.

మొదటి నెల నరకం. పొద్దున్నే పరగడుపున మాత్రలు. మూత్రం నారింజ రంగులో వచ్చేది. అది మందు వల్లేనని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. కానీ వికారం తట్టుకోలేకపోయాను. పోపు వాసనకే కడుపులో తిప్పేది. ఆ నెల ఇంకో అర కిలో తగ్గాను. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఈ త్రాసే అని చెప్పగలను. ఆకలి ఉందా లేదా అని చూసుకుంటే ఏమీ తినేదాన్ని కాదు. ఆకలి సంగతి వదిలేసి, ఈ రోజు గిన్నెలో ఇంకా ఇంత మిగిలి ఉంది, పడుకునేలోపు అయిపోవాలి, అంతే అనుకున్నాను. మూడు పూటల తిండిని ఆరుసార్లుగా విడగొట్టాను. పొద్దున రాగి జావ, పదకొండింటికి పెసర గుడాలు, సాయంత్రం జామకాయ, రాత్రి పాలు. రెండు నెలలయ్యాక ఒక మందు ఆపారు. మూడో నెలలో ఆకలి తిరిగొచ్చింది. చాన్నాళ్ల తర్వాత జొన్న రొట్టె, తోటకూర పప్పు రుచి తెలిసిన ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ గుర్తుంది.

పథ్యం దగ్గర ఇంట్లో పెద్ద గొడవే అయింది. పెరుగు తింటే కఫం, గుడ్డు వేడి, వంకాయ అసలే వద్దు అనేది అత్తమ్మ. ఆమెది ప్రేమే, కానీ అవన్నీ మానేస్తే నేను తినడానికి చారన్నమే మిగులుతుంది. తర్వాతిసారి ఆసుపత్రికి ఆమెను వెంట తీసుకెళ్లాను. నాకు మానాల్సిన తిండి ఏదీ లేదని డాక్టర్ గారే చెప్పారు. మరుసటి రోజు నుంచి గుడ్లు ఉడకబెట్టి "తిను బిడ్డా" అని చేతిలో పెట్టింది అత్తమ్మే.

నాలుగో నెల చివర 50 కిలోలు దాటాను. టీబీ మాత్రలు బరువును బట్టి ఇస్తారు, 35 నుంచి 49 కిలోల దాకా మూడు, 50 నుంచి 64 దాకా నాలుగు. మాత్రలు పెరిగినందుకు సంతోషించిన రోజు అది. జనవరిలో మందులు ముగిసేటప్పటికి 52.

ఇక ఇబ్బందులు. 400 గ్రాముల కూరగాయలు రోజూ తినడం నిజంగా కష్టం. కొనాలి, కడగాలి, తరగాలి. బడికి వెళ్లే ఆడవాళ్లకు పొద్దున అంత సమయం ఉండదు. వారంలో నాలుగు రోజులు 300 దగ్గరే ఆగిపోయాను. రెండోది అన్నం. ఇంటిల్లిపాదికీ ఒకే కుక్కర్‌లో వండితే నా వాటా బియ్యం ఎంతో తెలియదు. ఒకరోజు బియ్యం, అన్నం రెండూ తూచి చూశాను. మా బియ్యం 100 గ్రాములకు 270 గ్రాముల అన్నం అవుతోంది. అప్పటి నుంచి అన్నమే తూచుకుంటున్నాను. ఖర్చు కూడా పెరిగింది, ముఖ్యంగా గుడ్లు, పాలు, పండ్ల మీద. నిక్షయ్ పోషణ్ యోజన కింద కేంద్రం టీబీ రోగులకు ఇచ్చే సాయం 2024 నవంబర్ నుంచి నెలకు 500 బదులు 1000 రూపాయలు అయింది. అది గుడ్లకు, పల్లీలకు సరిపోయింది. మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే బ్యాంకు ఖాతా వివరాలు మొదటి రోజే ఇవ్వండి.

నేను చేసిన పెద్ద తప్పు మందులు అయిపోయాక జరిగింది. ఇక బాగయ్యాను కదా అని త్రాసు అల్మారాలో పెట్టేశాను. వేసవిలో పెళ్లిళ్లు, సెలవులు. మూడు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను, అందరూ మెచ్చుకున్నారు కూడా. కానీ చేతులు అలాగే పుల్లల్లా ఉన్నాయి, పెరిగిందంతా నడుము దగ్గరే. మెట్లెక్కితే మళ్లీ ఆయాసం. తూచి చూస్తే అన్నం మునుపటికి రెట్టింపు అయింది, పప్పు సగమైంది. జూన్ నుంచి మళ్లీ లెక్కకు వచ్చాను. సాయంత్రం అరగంట నడక, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులకు చిన్న వ్యాయామం కలిపాను. తిండి ఒక్కటే కండను తేలేదని నాకు అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు 57 కిలోలు. 8.9 ఉన్న హిమోగ్లోబిన్ 12.1 అయింది. ఇదే లెక్క అందరికీ సరిపోతుందని అనను. షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఇది మొదలుపెట్టొద్దు. ఇప్పుడు అన్నీ తూచడం లేదు. కూరలు కంటి కొలతే. అన్నం, పల్లీలు మాత్రం రోజూ త్రాసు మీద పెట్టే తింటున్నాను.