పై చక్రంతో మూడేళ్లు

వేట బోటు నడిపే గది, అంటే వీల్ హౌస్, పైకప్పు మీద రెండో స్టీరింగ్ చక్రం ఎందుకని అంతర్వేది పల్లిపాలెంలో ఎవరూ అడగరు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు, అందులోనూ నీరు వెనక్కి తీసే పాటు వేళ, ఇసుక మేట మీద నీటి రంగు మారడం కింది అద్దంలోంచి సరిగా తెలియదు. పైనుంచి చూస్తే గీత గీసినట్టు కనిపిస్తుంది. వరద వచ్చి పోయిందంటే మేట చోటు మారినట్టే, కాబట్టి నిరుటి దారి గుర్తున్నా లాభం లేదు.

మొదట చవకగా వచ్చిందని పాత లారీ స్టీరింగ్ బిగించాను. దాని మధ్య రంధ్రంలో పళ్లుంటాయి. నూనె ఒత్తిడితో చుక్కానిని తిప్పే మా హైడ్రాలిక్ పంపు ఇరుసేమో ముప్పావు అంగుళంది, కొసకు సన్నబడుతుంది. లేతు షాపులో ముక్క తీయించి వెల్డింగ్ పెట్టించేసరికి చవకతనం కాస్తా పోయింది. ఒక్క సీజనుకే ఎండకు పైతొడుగు పగిలి, లోపలి ఇనుము పొరలు పొరలుగా లేచింది. దానికన్నా చిరాకు దిక్సూచితో. పక్కనే ఇనప చక్రం తిరుగుతుంటే, బోటు తిరగకముందే ముల్లు తిరిగేది!

తరువాత కొన్నదే ఇప్పటికీ ఉంది: 15 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు చక్రం. కింద ఉన్నది 18 అంగుళాలు. పైన అంత పెద్దది పెడితే మోకాళ్లు తగులుతాయి. చిన్న చక్రానికి సుమారు అయిదో వంతు బలం ఎక్కువ పెట్టాలి, బోటు నడిపే మా సరంగు వారం రోజులు గొణిగి ఊరుకున్నాడు. చక్రం పెద్దదైతే చుట్లు తగ్గుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. చుట్లు తేల్చేది పంపూ సిలిండరూ. మాకు ఈ చివర నుంచి ఆ చివరకు అయిదు చుట్లు, పైనా కిందా అంతే.

అమ్మినతను ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 రకం స్టీలు అన్నాడు. నాలుగు నెలలకే అతుకుల దగ్గర టీ రంగు తుప్పు మరకలు పడ్డాయి. అయస్కాంతం పెట్టి చూస్తే అంతగా తట్టుకోని 304 రకానికీ 316కీ తేడా తెలియదు, అందుకే బిల్లు మీద రాయించుకోవాల్సింది. రోజూ మంచినీళ్లతో కడిగితే మరక ముదరడం లేదు.

ఎండకు కాలే అంచుకు మా కళాసీ ఒకడు వల అల్లే దారంతో చుట్టు వేశాడు, పైభాగాన ఒక ముడి కూడా. "చీకట్లో ముడి పైకి ఉంటే చుక్కాని తిన్నగా ఉన్నట్టే బాబాయ్" అన్నాడు. గొలుసు స్టీరింగ్‌కు ఆ లెక్క సరిపోతుంది. హైడ్రాలిక్‌లో, అదీ రెండు చక్రాలున్నప్పుడు, కింద తిప్పినా పైది కదలదు. ఒక రాత్రి ముడిని నమ్మి గట్టు వైపు నడిపాక చుక్కాని కోణం చూపించే ముల్లు పెట్టించాను. చుట్టు మాత్రం బాగుంది, చెయ్యి జారదు.

తిప్పడానికి ఇచ్చిన గుబ్బను పీకేశాను, చొక్కా చేతిని పట్టేసేది.

ఒక్క తప్పు నాది. చక్రం నడిమి భాగం అల్యూమినియం, ఇరుసు స్టీలు. గ్రీజు రాయకుండా బిగించాను. రెండేళ్ల తరువాత నూనె కారుతున్న పంపు విప్పబోతే తెల్లటి పొడితో అతుక్కుపోయి ఉంది. పుల్లర్ వేసి, వేడి చేసి, ఒక పూటంతా కొట్టాం. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే చక్రం విప్పి, గ్రీజు రాసి, ఇంటికి తెచ్చి అటక మీద పెడుతున్నాను.