తుంటి లాబ్రమ్ కుట్టడానికి ఆల్-సూచర్ యాంకర్లు: తిరుపతి సర్జన్ల కోసం ఒక సమీక్ష

తుంటి గిన్నె అంచు నుంచి ఊడిన లాబ్రమ్‌ను (గిన్నె చుట్టూ ఉండే మెత్తటి అంచుపట్టీని) ఆర్థ్రోస్కోపీలో (చిన్న కోతల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) తిరిగి కుట్టడానికి 1.4 నుంచి 1.8 మిల్లీమీటర్ల ఆల్-సూచర్ యాంకర్లు, అంటే కుట్టును ఎముకకు బిగించే దారంతోనే చేసిన కొక్కేలు, చాలా మంచి సాధనం. వీటిలో లోహం గానీ పీక్ ప్లాస్టిక్ గానీ ఉండదు. దారంతో అల్లిన సన్నని గొట్టాన్ని రంధ్రంలోకి దించి దారం లాగితే, అది ముడుచుకుని లావెక్కి ఎముక పైపొర కింద పట్టుకుంటుంది. పీక్ యాంకర్లకు సాధారణంగా 2.3 నుంచి 3 మి.మీ. రంధ్రం కావాలి. గిన్నె అంచును గడియారంగా ఊహిస్తే 3 గంటల స్థానం దగ్గర, అంటే ముందు వైపు, గిన్నె అంచు బాగా పలచన. అక్కడ ఆ ఒక్క మిల్లీమీటరు తేడాయే కీలు లోపలి కార్టిలేజ్‌ను (మృదులాస్థిని) కాపాడుతుంది.

అయితే యాంకర్ కన్నా డ్రిల్ కోణం ముఖ్యం. మిడ్-యాంటీరియర్ పోర్టల్ (తుంటి ముందువైపు పరికరాలు దించే చిన్న కోత) నుంచి నేరుగా తొలిస్తే మొన కీలులోకి పోయే ప్రమాదం ఎక్కువ. ఇంకా కిందనున్న డిస్టల్ యాంటీరోలేటరల్ పోర్టల్ నుంచి, వీలైతే వంగిన గైడ్‌తో వెళ్లాలి. రంధ్రం కార్టిలేజ్ అంచుకు 2-3 మి.మీ. దూరంలో ఉండాలి. డ్రిల్ తిరుగుతున్నంతసేపూ 70 డిగ్రీల స్కోప్ చూపు గిన్నె లోపలి కార్టిలేజ్ మీదే ఉండాలి. అది కొంచెం పొంగినా ఆపి కోణం మార్చండి. భయంతో మరీ బయటికి వంచితే ముందు భాగంలో డ్రిల్ సోయస్ కండరం వైపు తేలుతుంది.

ఈ యాంకర్ల బలహీనత ఒకటే: పట్టు మొత్తం ఎముక పైపొర మీదే ఆధారపడుతుంది. అంచును బర్‌తో (ఎముక గీకే తిరిగే మొనతో) రక్తపు చుక్కలు కనబడే దాకా గీకితే చాలు. లోతుగా గీకితే మెత్తటి ఎముకే మిగిలి యాంకర్ ఊడి వస్తుంది. తొలిచాక గైడ్ కదిలితే రంధ్రం దొరకదు. దించాక దారాన్ని రంధ్రానికి సూటిగా, గట్టిగా లాగాలి. సగం లాగి వదిలేస్తే తర్వాత బరువు పడినప్పుడు యాంకర్ జారి కుట్టు వదులవుతుంది. ఊడిన రంధ్రంలో మళ్లీ అదే సైజు పెట్టకండి, పీక్ యాంకర్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

యాంకర్ల మధ్య 8-10 మి.మీ. ఎడం ఉండాలి. లాబ్రమ్ వెడల్పుగా ఉంటే దాని గుండా దారం పోనిచ్చే బేస్ కుట్టు, సన్నగా ఉంటే చుట్టూ వేసే లూప్ కుట్టు. లూప్‌ను అతిగా బిగిస్తే లాబ్రమ్ బయటికి తిరిగి, తొడ ఎముక తలతో ఉండాల్సిన సీల్ (కీలు ద్రవాన్ని లోపలే నిలిపే బిగువు) పోతుంది. ముడి కాప్సూల్ వైపే పడాలి. కుట్లయ్యాక ట్రాక్షన్ (కీలు తెరుచుకునేలా కాలును లాగి ఉంచడం) వదిలి సీల్ చూసుకున్నాకే క్యామ్ (తొడ ఎముక తల-మెడ దగ్గరి అదనపు ఎముక బొడిపె) పనికి వెళ్లాలి. మొత్తం ట్రాక్షన్ 2 గంటలు దాటకూడదు, లేకపోతే పుడెండల్ నరం (జననాంగ ప్రాంతపు నరం) దెబ్బతినే ప్రమాదం ఉంటుంది.

కీలు సందు 2 మి.మీ. కన్నా తగ్గినవాళ్లకు ఏ యాంకరూ మేలు చేయదు. సెంటర్-ఎడ్జ్ కోణం (ఎక్స్-రేలో గిన్నె తొడ ఎముక తలను ఎంత కప్పిందో చెప్పే కొలత) 20 డిగ్రీల లోపుంటే ముందు గిన్నె లోతు సంగతి చూడాలి.

మన రోగులు తప్పకుండా అడిగేవి రెండు: బాసింపట్టు వేసి కూర్చోవడం, అలిపిరి మెట్లెక్కడం. రెండింటిలోనూ తుంటి బాగా వంగి కుట్టు మీద ఒత్తిడి పడుతుంది. మొదటి రెండు మూడు వారాలు కర్రల సాయంతో పాదం ఆనించి నడవడమే. ఆ రెండూ కండరాల బలం తిరిగొచ్చాక, నెలల తర్వాత మాట. ఇది ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

చెన్నై నుంచి సెట్ తెప్పించుకునేవాళ్లు డ్రిల్, గైడ్, యాంకర్ మూడూ ఒకే కంపెనీవి, ఒకే సైజువేనా అని ముందురోజే విప్పి చూసుకోండి. భుజం సెట్ గైడ్ తుంటికి పొట్టి అవుతుంది.